గుబులు నీళ్లు

కళ్లు మూసుకునే "ఊ" అంది జానీబీ.

ఆమె కుడి అరచెయ్యి చెంబు మూతి మీద బోర్లించి ఉంది. ఆ చెంబును రెండు చేతులా ఒడిలో పట్టుకుని ఎదురుగా కూచున్న పెద్దముడియం రైతు భార్య ఇంకా చెబుతూనే ఉంది. బావిలో పడి చచ్చిన ఎద్దుతో మొదలైన మాట, మరిది పొలం పంచమన్న రోజుకు వచ్చింది. అక్కడినుంచి ఆమె పెళ్లి పందిట్లోకి పోయింది. తిరిగి తిరిగి మళ్లీ ఎద్దు దగ్గరికే వచ్చింది. మాట్లాడేటప్పుడు ఆమె చేతులు వణుకుతుంటే చెంబూ వణుకుతోంది. ఆ వణుకు ఎప్పుడు ఆగుతుందా అని జానీబీ అరచెయ్యి కాచుకుని ఉంది.

వంటింట్లో కూతురు సాజిదా రొట్టె తడుతున్న చప్పుడు వినిపిస్తోంది. జానీబీ చెవులు రెండూ ముందున్న మనిషి దగ్గరే ఉండాలి. కానీ ఒక చెవి మాత్రం పొద్దున్నుంచీ వంటింటివైపే తిరిగి ఉంది. తట్టే చప్పుడు కాస్త ఆగితే చాలు, గుండె గుబుక్కుమంటోంది. పిల్ల ఏడుస్తోందా? లేదు, పిండి తీసుకుంటోంది అంతే. మళ్లీ తట్టే చప్పుడు.

"నాకు గాదు తల్లీ, నీళ్లకు చెప్పు," అంది జానీబీ, గొంతులో విసుగు కనపడనీయకుండా.

జమ్మలమడుగులో దూదేకులోళ్ల జానీబీ అంటే తెలియని ఆడవాళ్లు తక్కువ. ఆమె గుబులు దింపుతుంది. దడుచుకున్న పిల్లలకు, నిద్రపట్టని కోడళ్లకు, మొగుడు పోయినవాళ్లకు, ఏమీ కాకపోయినా ఎందుకో గుండె దడదడమనేవాళ్లకు. ఎవరి చెంబు వాళ్లే తెచ్చుకోవాలి. అందులో నీళ్లు పోసుకుని పీట మీద కూచుని, లోపల ఉన్నదంతా ఆ నీళ్లకు చెప్పాలి. జానీబీ కళ్లు మూసుకుని, చెంబు మీద చెయ్యి పెట్టి వింటుంది. చెప్పడం అయిపోయాక చెయ్యి తీసి, ఏదో చదివి, నీళ్ల మీద మూడుసార్లు ఊదుతుంది. ఆ నీళ్లను పొద్దుగూకేలోపల, ఎవరూ తొక్కని చోట, జిల్లేడు చెట్టు మొదట్లో పారబోస్తుంది. దుడ్లు ముట్టదు. చారెడు ఉప్పు మాత్రం తీసుకుంటుంది. అందుకే ఆ ఇంట్లో ఉప్పుబాన ఎప్పుడూ నిండుగా ఉంటుంది.

రైతు భార్య చేతులు నిలకడకు వచ్చాయి. జానీబీ కళ్లు తెరిచింది. యాభై దాటిన మనిషి, పొడుగూ, సన్నమూ. వెనకటి కమ్మల బరువుకు చెవి తమ్మెలు సాగి, ఇప్పుడు ఏమీ లేక వేలాడుతుంటాయి. తలలో తెల్లవెంట్రుకలు ఏవో, ఎగిరిపడ్డ దూదిపోగులు ఏవో చూసేవాళ్లకు తెలియదు. ఏళ్ల తరబడి చెంబు అంచులు నొక్కుకుని అరచేతిలో చంద్రవంకలా ఒక కాయ కాసింది. ఊదడానికి ఊపిరి తీసుకుంటే వీపు కలుక్కుమంది. ముందు రోజు ఎవరో ముసలమ్మ కొడుకు గురించి చెప్పి చెప్పి వదలలేదు. ఆ బరువు ఇంకా దిగినట్టు లేదు. నీళ్లను పారబోయవచ్చు, విన్నదాన్ని ఎక్కడ పారబోయాలో మాత్రం ఆమె అత్త చెప్పకుండానే పోయింది.

అత్త చెప్పినవి వేరే. ఈ విద్య అత్తదే. చేతిలో చెయ్యి పెట్టించుకుని రెండే రెండు మాటలు చెప్పింది. చెప్పేవాళ్లు మధ్యలో ఉండగా చెయ్యి ఎత్తకూడదు. ఎత్తితే దిగుతున్న గుబులు రెండింతలై వెనక్కి పోతుంది. రెండోది, నీ కన్నవాళ్లది, నీ కడుపున పుట్టినవాళ్లది, నిన్ను కట్టుకున్నవాడిది వినకూడదు; వింటే ఆ నీళ్లు ఎక్కడ పారబోసినా వచ్చి నీ ఇంట్లోనే ఇంకుతాయి.

ఆ రెండు మాటలూ జానీబీ తప్పలేదు. తప్పకపోవడమే ఇప్పుడు ఆమెను కాల్చుకు తింటోంది.

సాజిదాను పులివెందులలో ఇచ్చారు. మొగుడు ఇనాయతుల్లా బట్టలు కుడతాడు. మొదటి కాన్పులో మగబిడ్డ పుట్టాడు. మనిషిని చూసి నవ్వే వయసు వచ్చాక, మొన్నటి ఎండల్లో, జ్వరం వచ్చి పోయాడు. జ్వరం ఎక్కువైందని, వెంటనే రమ్మని, తెల్లవారి బస్సు క్లీనరు చేత కబురంపించారు. ఆ క్లీనరు వాకిట్లో నిలబడి అరిచేసరికి జానీబీ చెయ్యి ఒక చెంబు మీద ఉంది. ఎవరో కోడలు, చెప్పడం సగంలో ఉంది. చెయ్యి ఎత్తడానికి లేదు. బస్సు హారన్ మోగించింది, ఇంకోసారి మోగించింది, వెళ్లిపోయింది. మధ్యాహ్నం బస్సుకు ఆమె పులివెందుల చేరేసరికి బిడ్డను మట్టిచేసి మగవాళ్లు కాళ్లు కడుక్కుంటున్నారు. గోడకు ఆనుకుని కూచున్న సాజిదా తలెత్తి తల్లిని చూసింది.

"వచ్చినావా," అంది.

అంతే. కొన్ని నెలల తరవాత పుట్టింటికి తీసుకొచ్చారు. వచ్చినప్పటినుంచీ పిల్ల పని చేస్తోంది, తింటోంది, అడిగినదానికి జవాబు చెబుతోంది. బిడ్డ మాట మాత్రం ఎత్తలేదు. కంట్లో చుక్క నీళ్లు రాలేదు. ప్రొద్దుటూరులో అఖ్తర్ బీ అని ఒకామె కూడా గుబులు దింపుతుంది. రక్తసంబంధం లేదు గదా అని పోయిన వారం ఆమె దగ్గరికి తీసుకుపోయింది జానీబీ. సాజిదా చెంబు పట్టుకుని కూచుంది. చేతుల వేడికి నీళ్లు గోరువెచ్చనయ్యాయి గానీ నోరు తెరవలేదు. "ఈ పిల్ల నా కాడ చెప్పదు అక్కా. దీనికి కావాల్సింది నేను గాదు," అని అఖ్తర్ బీ ఉప్పు తిరిగి ఇచ్చేసింది. ఇంటికి వచ్చేదాకా బస్సులో జానీబీ కూతురుమీద పళ్లు కొరుకుతూనే ఉంది. కొరికి, కొరికి, ఎందుకు కొరుకుతున్నానా అని తనమీద కొరుక్కుంది.

ఈరోజు మధ్యాహ్నం బస్సుకు అల్లుడు వస్తాడు. సాయంత్రం బస్సుకు పెళ్లాన్ని తీసుకుపోతాడు. ఆ లోపల సాజిదా నోరు తెరవాలి. ఎవరి దగ్గరో ఒకరి దగ్గర తెరవాలి. తెరవకుండా పోతే ఆ రాయి గుండెలోనే కుదురుకుంటుందని, కుదురుకున్న రాళ్లు ఏమవుతాయో చూసిన జానీబీకి తెలుసు.

రైతు భార్య కొంగున కట్టుకొచ్చిన ఉప్పు బానలో పోసి వెళ్లింది. వాకిట్లో ఇంకా ఇద్దరు కూచుని ఉన్నారు. జానీబీ మోకాళ్లమీద చేతులు ఆనించి లేచి, పంచకు వచ్చింది.

పంచలో లాల్ బాషా దూది ఏకుతున్నాడు. చలి మొదలయ్యే రోజులు గనక పరుపుల పని ఎక్కువ. దూలానికి వేలాడదీసిన పెద్ద విల్లు తీగను కొయ్య గూటంతో కొడుతుంటే టంయ్ టంయ్‌మని ఇల్లంతా మోగుతుంది. గడ్డలుకట్టిన పాత దూది తీగకు తగిలి పొగలా లేస్తుంది. ఆయన కనుబొమలు, మీసాలు, చెవుల్లో వెంట్రుకలు అన్నీ తెల్లగా దూదిపట్టి ఉన్నాయి. భార్య వచ్చి నిలబడటం చూసి కొట్టడం ఆపాడు.

"అల్లుడు వచ్చే యాళయింది," అంది జానీబీ. "అది ఏమన్నా మాట్లాడిందా నీతో?"

"నాతోనా? ఉప్పు చాల్నా నాయనా అని అడిగింది. మన ఇంట్లో ఉప్పుకు యాడ కరువు మ్మా, మాటకే కరువు అన్న్యా." ఆయన గడ్డం గోక్కున్నాడు. "నవ్వుతుందనుకున్యా. నవ్వలే."

"నువ్వు అడగగూడదా?"

"నేనడిగేదానికి నాకు చెప్తుందా? నీకు చెప్పల్ల అది. నిన్నే అడగమంటాండా."

"నేను ఇనగూడదు. నీకు తెలీదా?"

లాల్ బాషా విల్లు తీగకు చుట్టుకున్న దూది పీకాడు. కట్టుకున్నవాడిది కూడా వినకూడదు గనక, ముప్పై ఏళ్లుగా ఆయన తన గుబులు ఏదీ భార్యకు చెప్పలేదు. వయసులో ఉన్నప్పుడు వేళాకోళానికి "నాకు విల్లుంది లే మే" అనేవాడు. కొన్నాళ్లకు ఆ వేళాకోళమే అలవాటైపోయింది.

"మా యమ్మ చెప్పింది చెంబు సంగతి," అన్నాడు నెమ్మదిగా. "పొయ్యి కాడ కూచోని తల్లీబిడ్డా మాట్లాడుకోవద్దని చెప్పిందా? నువ్వు చెంబునూ పొయ్యినీ ఒకటి చేసినావు. ఊరందరికీ చెవులు పంచి పెట్టి, ఇంటికి వచ్చేటప్పుటికి చెవుడు."

జానీబీకి ఒళ్లు మండింది. పొద్దున లేచిన దగ్గరినుంచి ఒకరి ఏడుపు తరవాత ఒకరి ఏడుపు నెత్తిన పోయించుకునేది తను. ఇంట్లోకి వచ్చాక ఒక్క నిమిషం ఎవరూ ఏమీ చెప్పకుండా ఉంటే బాగుండుననుకోవడం తప్పా? అయినా ఆయన చెప్పింది నిజమని ఆమెకు తెలుసు. ఇంకో నిజం కూడా తెలుసు, అది ఆయనకు తెలియదు. సాజిదా నోరు తెరిస్తే మొట్టమొదట వచ్చే మాట ఆ పొద్దుటి బస్సు గురించే అయితే? ఆ నియమం అడ్డం ఉన్నందుకు లోపల ఎక్కడో ఒక మూల ఆమెకు ఊరటగానే ఉంది. ఆ ఊరటను చూస్తే ఆమెకే అసహ్యం.

వంటింట్లోకి పోయింది. సాజిదా పొయ్యి ముందు కూచుని రొట్టెను బొగ్గులమీద కాలుస్తోంది. సన్నని మెడ, వంచిన వీపు. జానీబీ పక్కన కూచుంది. పొయ్యి కాడ కూచోవచ్చు గదా. కూచుని, నోరు తెరిచి, ఏం అడగాలో తెలియక కట్టెను లోపలికి తోసింది.

వేల మంది చేత చెప్పించిన మనిషికి తన పిల్లను పలకరించే మాట ఒక్కటీ దొరకలేదు. పీట మీద అయితే "చెప్పు తల్లీ" అంటే సరిపోతుంది.

"గోంగూర ఊరిమిండి చేసినావా?" అని అడిగింది చివరికి.

"చేసినా మ్మా."

"ఆయనకు కారం తక్కువ ఎయ్యల్ల."

"తెలుసు మ్మా."

వాకిట్లోంచి "జేజీ, ఇంకా శానా సేపా?" అని ఎవరో కేకేశారు. జానీబీ లేచింది.

అల్లుడు వచ్చేసరికి ఎండ నడినెత్తి దాటింది. ఇనాయతుల్లా పొట్టిగా, బక్కగా ఉంటాడు. మాటకు ముందు గొంతు సవరించుకునే అలవాటు. అంగడి నుంచి నేరుగా బస్సెక్కాడేమో, కొలత టేపు మెడలో అలాగే వేలాడుతోంది. "ఏం అల్లుడా, మామకు అంగీ కుట్టిద్దామని కొలత తీసుకోను వచ్చినావా?" అన్నాడు లాల్ బాషా. ఇనాయతుల్లా నాలిక కరుచుకుని టేపు తీసి జేబులో పెట్టుకున్నాడు. అందరూ తిన్నారు. ఊరిమిండి పచ్చడి బాగుందని అల్లుడు రెండుసార్లు అన్నాడు. సాజిదా వడ్డించి, ఎంగిలి పళ్లేలు ఎత్తుకుని పెరట్లోకి పోయింది.

అప్పుడు అతను గొంతు సవరించుకుని, అత్తను పక్కకు పిలిచినట్టు ముందుకు వంగాడు.

"అత్తా, మా ఇంట్లో వాని పేరు ఎవురూ ఎత్తరు. ఎత్తితే ఆయమ్మి ఏమైపోతాదో అని భయం. నేను గూడా ఎత్తను. రాత్రిపూట ఇద్దరం మేలుకోనే ఉంటాం, నిద్రపోతాండామని ఒకరినొకరం మోసం చేసుకుంటా." ఆగాడు. "ఈడన్నా ఏడ్చిందా?"

జానీబీ కొంగు సర్దుకుంది. ఏడ్చిందని అబద్ధం చెప్పాలనిపించింది. ఇంత మంది నమ్మి వచ్చే మనిషి, సొంత అల్లుడు ఆశగా అడిగితే, లేదనడానికి నామర్దాగా ఉంది.

"మాపటేలకు చూద్దాం," అంది. ఏం చూద్దామో ఆమెకే తెలియదు.

ఆ తరవాత ఆమె చేసిన మొదటి పని పీటను గోడకు నిలబెట్టడం. పీట నిలబెట్టి ఉంటే ఆరోజుకు గుబులు దించదని అందరికీ తెలుసు. తెలిసినా వచ్చారు. చలువబట్టల వీధి నుంచి ఒక తల్లి పిల్లవాణ్ని చంకనేసుకుని వచ్చి, పీట నిలబడి ఉండటం చూడనట్టే కూచుంది. రేపు రమ్మంటే, రేపు పిల్లోడు ఉంటాడా పోతాడా పెద్దమ్మా అంది. ఎద్దు తరిమితే దడుచుకున్న జరీనా అనే చిన్నపిల్లను వాళ్ల ముసలి జేజి తెచ్చి, ఇంత దూరం నడిచినాం, చెంబెడు నీళ్లకేం ఖర్చు అని వాకిట్లోనే నస మొదలుపెట్టింది. మీ అత్త అయితే ఇట్ల చేసేది గాదు అని కూడా అంది.  వీళ్లను తొందరగా పంపించేస్తే గాని తనకు కాస్త సమయం దొరకదనుకుని జానీబీ పీట వాల్చి కూచుంది. కళ్లు మూసుకుంది.

చంకలో పిల్లవాడి తల్లి చెప్పింది, జానీబీ వింది. ఊదింది. జరీనా రెండు మాటలు చెప్పి, ఎద్దు కొమ్ములు ఎంత పొడుగున్నాయో చూపించడానికి చెంబు వదిలేసి చేతులు చాచింది. మళ్లీ పట్టించి, ఊదింది. నీళ్లు జిల్లేడు కాడ పోయమని వాళ్ల జేజికే ఇచ్చేసింది. కళ్లు తెరవలేదు. తెరిస్తే ఇంకెవరు కూచున్నారో చూడాలి. పీట చప్పుడైంది. ఎవరో వచ్చి కూచున్నారు. ఇంకొకరా అని లోపల తిట్టుకుంటూనే, అలవాటు చొప్పున చెయ్యి చాచి, చెంబు మూతి మీద పెట్టబోయింది.

చెంబు లేదు. అరచేతి కిందికి చిన్న అంచు వచ్చింది. కాయ కాసిన చోట కాకుండా, నడుమ మెత్తని చోట తగిలింది. వేళ్ల సందున ఒక చిన్న ముక్కు బయటికి పొడుచుకుని ఉంది.

ఉగ్గుగిన్నె. మనవడికి ఉగ్గు తాపడానికని ప్రొద్దుటూరు ఇత్తడి సామాన్ల అంగట్లో ఆమె తన చేత్తో ఎంచి, ముక్కు సరిగ్గా ఉందో లేదో నోట్లో పెట్టుకుని చూసి కొన్న ఉగ్గుగిన్నె.

జానీబీ కళ్లు తెరవలేదు. తెరవలేకపోయింది.

"సాజీ," అంది.

"కండ్లు తెరవద్దు మ్మా."

"నీది నేను ఇనగూడదు తల్లీ."

"తెలుసు." సాజిదా గొంతు మామూలుగానే ఉంది, ఉప్పు చాలిందా అని అడిగినట్టే. "నువ్వు ఇనొద్దులే. నేను ఇంకా మొదులుపెట్టలే, చెయ్యి తీసి బయటికి పో. నీళ్లకే చెప్పుకుంటా. ఇంత మంది చెప్పుకుంటాండారు, అవి నాది గూడా ఇంటాయి."

జానీబీ చెయ్యి తీసింది. గోడ పట్టుకుని, కళ్లు మూసుకునే గడప దాటింది. వెనక తలుపు దగ్గరగా వేసిన చప్పుడు వినిపించింది.

పంచలో విల్లు మోగుతోంది. లాల్ బాషా తలెత్తి భార్య ముఖం చూశాడు, మూసిన తలుపు చూశాడు.  గూటం కింద పెట్టి, మోగుతున్న తీగను అరచేత్తో అదిమి పట్టుకున్నాడు. ఇల్లంతా ఒక్కసారి నిశ్శబ్దమైపోయింది. అల్లుడు అరుగు చివర నిద్రపోతున్నాడు. ఇన్నేళ్ల తరవాత ఆ ఇంట్లో తన ఊపిరి తనకు వినిపించింది జానీబీకి.

లోపలినుంచి సన్నగా మాట మొదలైంది.

ఏమి చెబుతోందో తెలియడం లేదు. ఆగింది. మళ్లీ మొదలైంది. జానీబీ నిలబడి ఉంది. ఇంట్లో ఇంకితే ఇంకనీ. విద్య పోతే పోనీ. పోతే ఈ ఆడవాళ్లంతా ఇంకెక్కడికైనా పోతారు, తను పొయ్యి కాడ కూచుంటుంది. బస్సు మాట చెబితే చెప్పనీ, తిడితే తిట్టనీ. ఆమె ముందుకు నడిచి, తలుపు చెక్కకు చెవి ఆనించింది. లాల్ బాషా తీగను ఇంకా గట్టిగా అదిమాడు.

"ఆ పొద్దు..." అంటోంది సాజిదా. "ఆ పొద్దు తెల్లారక ముందే వాడు కండ్లు తెరిచి..."

"జానీబీ!"

వాకిలి తడిక తోసుకుని ప్రమీలమ్మ వచ్చింది. రెవెన్యూ గుమాస్తా భార్య. కర్నూలులో ఉన్న ఆఫీసులు హైదరాబాదుకు ఎత్తేసినప్పుడు మొగుడు కూడా పోయాడు. ఇల్లు దొరకగానే పిలిపిస్తానన్నవాడు ఏడాదైనా పిలిపించలేదు. నిలువెత్తు మనిషి, తడిసిన కాగితంలా నలిగిపోయి, వచ్చి జానీబీ రెండు చేతులూ పట్టుకుంది. అక్కడ ఇంకొకతె ఉందంట, చూసి వచ్చినోళ్లు చెప్పినారు అంది. అని వెక్కిళ్లు పెట్టింది. జానీబీని పట్టుకునే కిందికి జారిపోతోంది.

"చెప్పు తల్లీ," అంది జానీబీ.

ఆ మాట తన నోట్లోంచి వచ్చాక గాని ఆమెకు వినిపించలేదు. చెవి ఎప్పుడు తలుపు వదిలిందో, చేతులు ప్రమీలమ్మను ఎప్పుడు నాపరాతి అరుగు మీద కూచోబెట్టాయో తెలియదు. చెంబు లేదు; అరచెయ్యి దానంతటదే పోయి ప్రమీలమ్మ చేతులమీద బోర్లా పడింది. కళ్లు మూసుకున్నాయి. చెయ్యి పడ్డాక ఎత్తడానికి లేదు. ప్రమీలమ్మ చెప్పింది. మొగుడి ఆఫీసు, హైదరాబాదులో ఆ వీధి, తను కట్టిపంపించిన పచ్చళ్లు, అన్నీ చెప్పింది. జానీబీ ఎక్కడ అనాలో అక్కడ "ఊ" అంటూనే ఉంది. తలుపు అవతలి మాట ఒక్కోసారి లేచి, ఒక్కోసారి తగ్గి, ఒకసారి గట్టిగా ఏడుపులా పైకి వచ్చి, పంచలో ఈ ఏడుపులో కలిసిపోయింది. ఏది ఎవరిదో విడదీయడం ఆమె చెవులకు చేతకాలేదు.

ప్రమీలమ్మ చేతులు నిలకడకు వచ్చేసరికి తలుపు తెరుచుకుని ఉంది. సాజిదా గడపలో నిలబడి ఉంది, చేతిలో బట్టల మూట. ముఖం కడుక్కుంది. కళ్లు వాచి ఉన్నాయి. బిడ్డ పోయినప్పటినుంచీ ఆ ముఖంలో బిగుసుకుని ఉన్నదేదో సడలింది. వాన వెలిసిన నేలలా ఉంది ముఖం.

తల్లిని చూసింది, తల్లి చేతి కింద ఉన్న ప్రమీలమ్మ చేతులను చూసింది. కోపం లేదు. ముందే తెలిసిన దాన్ని చూసినట్టు చూసింది.

"ఆయమ్మకు తాగేదానికి నీళ్లియ్యి మ్మా," అంది.

బస్టాండుకు నడిచే పోయారు. లాల్ బాషా రాలేదు, పరుపు రేపటికి ఇవ్వాలని అన్నాడు. కూతురు తలమీద చెయ్యి పెట్టి, దూది అంటితే దులిపి, లోపలికి పోయాడు. దారిలో జానీబీ మూటలో కారప్పొడి పైన పెట్టొద్దని, బస్సులో కిటికీ పక్క కూచోవద్దని, అత్తకు చెప్పాల్సినవి చెప్పి, చెప్పిందే చెప్పింది. అడగాలనుకున్నది మాత్రం అడగలేదు. మనుషులు విడిపోయేటప్పుడు చెప్పుకునేవి ఎప్పుడూ ఇలాంటివే. అసలుది బస్సు కదిలాక గుర్తొస్తుంది.

బస్సు వచ్చి ఉంది. ముద్దనూరు మీదుగా పులివెందుల పోయే బస్సు. పైన వేరుశెనగ మూటలు ఎక్కిస్తున్నారు. ఇనాయతుల్లా ముందెక్కి తావు పట్టాడు. మెట్టు మీద కాలు పెట్టిన సాజిదా మోచెయ్యి పట్టుకుంది జానీబీ.

"ఏం చెప్పినావు మ్మా నీళ్లకు? నేను ఇంటా. ఇప్పుడు చెప్పు, ఏమైతే అయ్యింది."

సాజిదా తల్లి చేతిమీద చెయ్యి వేసింది. ఆ కాయ కాసిన చోట బొటనవేలితో ఒకసారి రాసింది.

"ఒగ తూరి చెప్పినా గదా మ్మా. రెండో తూరి రాదు." తరవాత, లోపలికి ఎక్కుతూ, "పొద్దుగూకక ముందే పారబోయి. కిటికీలో పెట్టినా," అంది.

కదిలిన బస్సులో మొగుడు ఏదో అడిగితే సాజిదా అతని వైపు తిరిగి జవాబు చెప్పడం కనిపించింది. చాలాసేపు చెబుతోంది. అతను తలకాయ వంచి వింటున్నాడు. బస్సు పెన్న గట్టు వైపు మలుపు తిరిగింది. దుమ్ము అణిగేదాకా జానీబీ అక్కడే నిలబడింది. సంతోషించాల్సిన మాటే. రాయి కదిలింది. కదిలించింది మాత్రం తను కాదు, తన చెవి కాదు. ఒక ఇత్తడి గిన్నె. తను ఇంకా ఆ తలుపు అవతలే ఉంది.

ఇంటికి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. వాకిట్లో ఎవరో ఇద్దరు లేచి నిలబడ్డారు. జానీబీ వాళ్లవైపు చూడకుండా లోపలికి పోయి, పీటను గోడకు నిలబెట్టి, తలుపు గడియ పెట్టుకుంది. బయట వాళ్లు కాసేపు గొణిగి వెళ్లిపోయారు. లాల్ బాషా పెరటి దారిన లోపలికి వచ్చాడు.

"పొద్దుగూకతాండాది. పారబోయ్యవా?"

"ఇంటే గదా ఊదేది," అంది జానీబీ. "ఊదితే గదా పారబోసేది."

 ఆయన వచ్చి ఆమె పక్కన, గోడకు ఆనుకుని, నేలమీద కూచున్నాడు. విల్లు దగ్గరికి పోలేదు. ఎవరికో అన్నట్టు, మనవణ్ని తలుచుకుని, వాడు నా మీసం పట్టి లాగినాడు మే, పీర్ల పండక్కు పోయినప్పుడు అన్నాడు. జానీబీ "ఊ" అనలేదు. ఆయన వైపు తిరిగి, కళ్లు తెరుచుకుని, చూస్తూ కూచుంది. ఆయన ఇంకా చెబుతున్నాడు.

కిటికీలో ఉగ్గుగిన్నె ముక్కు కొస దాకా నీళ్లతో ఉంది. మూత పెట్టలేదు గనక పంచలోంచి ఎగిరివచ్చిన దూదిపింజ ఒకటి ఆ నీళ్లమీద వాలి, తడవకుండా, ఒడ్డుకు చేరకుండా తేలుతోంది.